గోడను వదలని తీగ

కదమాలోని మా క్వార్టరు ముందుగదిలో, కిటికీ పక్క మూలన, పందొమ్మిది సంవత్సరాలపాటు ఒక మాన్‌స్టెరా తీగ పెరిగింది. మా అమ్మ దానిని ‘చిల్లులాకు చెట్టు’ అనేది. నాన్నగారి ఉద్యోగ విరమణకు మూడు నెలల ముందు, క్వార్టరు ఖాళీ చేయవలసిన తరుణం సమీపించినప్పుడు, సామాన్ల జాబితా వ్రాయించడం మాని ఆమె అడిగిన మొదటి ప్రశ్న, “మరి దీన్నేటి చేద్దాంరా?”

అప్పటికే ఆ తీగ పైకప్పును తాకి, వంగి, తలుపు మీదికి ప్రాకింది. దాని వేళ్ళు గోడ సున్నంలోకి దిగిపోయాయి. పట్టి లాగితే తీగైనా తెగాలి, గోడైనా పెచ్చులూడాలి.

జంషెడ్‌పూర్ మొక్కలకు పరాయి ఊరు కాదు. నగరం ఇంకా పుట్టకముందే, 1902లో జంషెట్జీ టాటా తన కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన లేఖలో, వీధులు వెడల్పుగా ఉండాలనీ, వాటి వెంట త్వరగా ఎదిగే నీడచెట్లు నాటాలనీ, తోటలకూ పచ్చికబయళ్ళకూ విరివిగా చోటు వదలాలనీ కోరాడు. అయితే వీధిచెట్టు సంగతి వేరు, గదిలోని తీగ సంగతి వేరు. ఇక్కడ మే నెలలో వేడి 40 డిగ్రీలు దాటుతుంది. జనవరి రాత్రుల్లో 10 డిగ్రీలకు దిగువకు జారుతుంది. మాన్‌స్టెరా పుట్టిల్లు దక్షిణ మెక్సికో నుంచి పనామా వరకు వ్యాపించిన తడి అడవులు. అక్కడ వడగాలీ లేదు, వణికించే చలీ లేదు.

ఆ అడవిలో దాని బ్రతుకు తీరు తెలిస్తే పెంపకం సగం తెలిసినట్లే. మొక్కలన్నీ వెలుగు వైపు వంగుతాయని చిన్నప్పుడు చదువుకున్నాం గదా! 1975లో డొనాల్డ్ స్ట్రాంగ్, థామస్ రే అనే శాస్త్రజ్ఞులు ఈ ప్రజాతికే చెందిన మరొక తీగ మొలకలు చీకటి వైపు ప్రాకుతాయని వెల్లడించారు. అడవిలో నేల మీద అన్నిటికన్నా చీకటిగా కనిపించేది పెద్దచెట్టు మొదలు. మొలక దానిని చేరి, అల్లుకుని, అప్పుడు వెలుగును వెదుక్కుంటూ పైకి పోతుంది. ఎక్కేకొద్దీ ఆకు పెద్దదవుతుంది, చీలుతుంది, చిల్లులు పడుతుంది. ఆ చిల్లులెందుకన్నది చాలాకాలం తేలని చర్చ. దట్టమైన అడవిలో ఎండ చిన్న చిన్న తునకలుగా మాత్రమే లోపలికి రాలుతుంది. అంతే పదార్థంతో ఆకు చిల్లులతో విశాలంగా పరచుకుంటే, ఏదో ఒక తునక దానిమీద పడే అవకాశం నిలకడగా ఉంటుందని 2013లో క్రిస్టఫర్ మ్యూర్ ప్రతిపాదించాడు.

కాబట్టి మీ యింటి మాన్‌స్టెరాకు చిల్లులు పడకపోతే కంగారుపడి మందులు కొనకండి. దానికి ఎక్కే ఆధారమో, చాలినంత వెలుగో లేదన్నమాట. కొబ్బరి పీచు చుట్టిన నిలువు కర్ర పాతి, ఆ పీచును తడిగా ఉంచితే కణుపుల వద్ద వేళ్ళాడే ఊడలు దానిని పట్టుకుంటాయి. ఊడలు వికారంగా ఉన్నాయని కత్తిరించేవారున్నారు. అవి దాని చేతులు. తూర్పు కిటికీ ఉత్తమం. పడమటి ఎండ ఆకును మాడుస్తుంది.

నీళ్ళ విషయంలో నేనే దోషిని. మొదటి చలికాలంలో కూడా వేసవిలో లాగే రోజూ చెంబెడు పోశాను. ఆకులు పసుపుబారాయి. దాహమనుకుని మరో చెంబు పోశాను. కుండీ వంచి చూస్తే వేళ్ళు నల్లబడి, మెత్తబడి, కుళ్ళు వాసన కొట్టాయి. కుళ్ళిన భాగం కోసివేసి, తోటమట్టి, ముతక ఇసుక, కొబ్బరి పొట్టు, బాగా చివికిన పశువుల ఎరువు కలిపి కొత్త కుండీలో నాటాక గాని అది తేరుకోలేదు. వేలు రెండు కణుపుల లోతు దించి, అక్కడ పొడిగా ఉంటేనే నీరు పోయాలి. ఇక ఆకులమీద పేరుకునే దుమ్ము సంగతి అమ్మ చూసుకునేది. ప్రతి శుక్రవారం తడిగుడ్డతో ఒక్కొక్క ఆకూ తుడిచేది.

ఇది కంద, చేమ కుటుంబపు మొక్క. మన అడవుల్లోని గజపిప్పలి, సీసాల్లో పెంచే మనీప్లాంట్ కూడా దీని దాయాదులే. కంద కోసిన చేతులకు వేరే చెప్పనక్కరలేదు: లోపల సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. పసిపిల్లలు ఆకు నమిలితే నోరు మండి వాస్తుంది. కుక్కలకూ పిల్లులకూ అంతే.

అమ్మ ప్రశ్నకు జవాబు జూన్ నెలాఖరులో, వానలు పడ్డాక దొరికింది. తీగ పైభాగాన, ఊడ ఉన్న ఒక కణుపు చుట్టూ తడి పీచు పొదిగి, పాలిథీన్ కాగితం చుట్టి, పురికొసతో కట్టాను. జామకో దానిమ్మకో అంటు కట్టినప్పటిలా బెరడు ఒలవనక్కరలేదు. ఒలవడానికి దీనికి అటువంటి బెరడే లేదు. ఆరు వారాలకు కాగితం లోపల తెల్లని వేళ్ళు కనిపించాయి. వాటికి దిగువన కోసి కుండీలో నాటాను. మిగిలిన కాండాన్ని కణుపుకొకటిగా ముక్కలు చేసి ఇరుగుపొరుగులకు పంచాం. కణుపు లేని ఉత్త ఆకు నీటిలో ఎంతకాలం పచ్చగా ఉన్నా దానికి చిగురు రాదు.

గోడనంటిన వేళ్ళను మాత్రం తీయలేదు. వాటిని కాండం దగ్గర కోసి, అక్కడే వదిలేశాం.

సెప్టెంబరులో టాటానగర్‌లో రైలెక్కినప్పుడు అమ్మ ఒళ్ళో ఆ కుండీ ఉన్నది. శ్రీకాకుళం జిల్లాలోని మా ఊళ్ళో కొబ్బరి పీచుకు కొదవ లేదు. కొత్తచోట వచ్చిన మొదటి ఆకు అరచేయంత ఉన్నది, చిల్లన్నది లేదు. అమ్మ ఏమీ అనలేదు, తీగను కర్రకు దగ్గరగా జరిపి కట్టింది. ఆరవ ఆకు విచ్చుకున్ననాడు జంషెడ్‌పూర్‌లో ఉన్న నాకు ఫోను చేసి, “రెండు పడ్డాయిరా!” అన్నది.