పదహారేళ్లకు ఏ వార్డు?

నంద్యాల జిల్లా పాములపాడులో ఇంటర్ చదివే పిల్లాడికి రక్త క్యాన్సర్ అని తేలితే, ఎక్కడికి తీసుకెళ్లాలన్నదే ఇంట్లో అందరి ప్రశ్న. కర్నూలు పెద్దాసుపత్రికా, తిరుపతికా, హైదరాబాదుకా? అంతే గట్టిగా అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. వీడికి చిన్నపిల్లల పద్ధతిలో మందు ఇస్తారా, పెద్దవాళ్ల పద్ధతిలోనా?

ఆ ప్రశ్న విలువ ఎంతో 2008లో అమెరికాలో వచ్చిన లెక్క చెబుతుంది. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చిన 16 నుంచి 20 ఏళ్ల వాళ్లు 321 మంది. జబ్బు ఒకటే, వయసూ ఒకటే. వాళ్లలో 197 మంది పిల్లల వైద్యుల చేతికి వెళ్లారు, 124 మంది పెద్దల వైద్యుల చేతికి. ఏడేళ్ల తర్వాత మొదటి గుంపులో వందకు 67 మంది బతికున్నారు. రెండో గుంపులో 46 మందే. ఫ్రాన్సులో 2003లోనే ఇలాంటి తేడా బయటపడింది. 15 నుంచి 20 ఏళ్ల వాళ్లలో జబ్బు తిరగబెట్టకుండా ఐదేళ్లు గడిపినవాళ్లు పిల్లల పద్ధతిలో వందకు 67, పెద్దల పద్ధతిలో 41.

కొత్త మందేదో దొరికి వచ్చిన తేడా కాదిది. పిల్లల పద్ధతిలో ఆస్పరాజినేస్, విన్‌క్రిస్టిన్, స్టెరాయిడ్ల మోతాదులు ఎక్కువ. జబ్బు మెదడుకు పాకకుండా వెన్నులోకి ఇచ్చే సూదులు ముందే మొదలవుతాయి. తేదీ తప్పనివ్వరు. అరవై ఏళ్ల ఒంటిని చూసి చూసి చెయ్యి ఆపుకోవడం అలవాటైన వైద్యం, పదిహేడేళ్ల ఒంటి దగ్గరా చెయ్యి ఆపుకుంది. తర్వాత పెద్దల వైద్యులే పిల్లల పద్ధతిని 17 నుంచి 39 ఏళ్ల వాళ్లకు ఇచ్చి చూశారు. మూడేళ్లకు వందకు 73 మంది బతికున్నారని 2019లో ప్రకటించారు. కాబట్టి గుమ్మం మీది బోర్డు కంటే లోపల రాసే చీటీ ముఖ్యం.

15 నుంచి 39 ఏళ్ల మధ్య వాళ్లను క్యాన్సర్ వైద్యంలో ఇప్పుడు ప్రత్యేక వర్గంగా చూస్తున్నారు. 2019లో ప్రపంచమంతటా ఈ వయసులో 11.9 లక్షల మందికి క్యాన్సర్ వచ్చిందని, 3.96 లక్షల మంది దానితో చనిపోయారని అంచనా. లండన్‌లో 1990లోనే టీనేజర్లకంటూ విడిగా ఒక క్యాన్సర్ వార్డు తెరిచారు. మన దగ్గర చాలాచోట్ల పన్నెండేళ్లు దాటితే పెద్దల వార్డే. మీసం మొలవని పిల్లాడి మంచం పక్కన తాతల మంచాలుంటాయి.

ఈ వయసు జబ్బుల్లో నన్ను ఎక్కువ బాధించేది ఎముక క్యాన్సర్, ఆస్టియోసార్కోమా. ఎముకలు గబగబా పెరిగే వయసులో, ఎక్కువగా మోకాలి చుట్టూ వస్తుంది. కబడ్డీలో దెబ్బ తగిలిందనుకుంటారు. నూనె రాసి మర్దన చేస్తారు, నాటు కట్టు కట్టిస్తారు. రెండు మూడు వారాలైనా తగ్గని నొప్పి, రాత్రి నిద్ర లేపే నొప్పి, గట్టి వాపు, వీటిలో ఏది కనిపించినా కట్టుకు ముందు ఎక్స్‌రే తీయించాలి. ఆ ఎక్స్‌రే నంద్యాలలోనే అవుతుంది. కీమో రాని రోజుల్లో కాలు తీసేసినా వందకు 20 మంది కూడా దక్కడం కష్టంగా ఉండేది. జబ్బు ఊపిరితిత్తులకు పాకకముందే దొరికితే, కీమో, ఆపరేషన్ కలిపి ఇప్పుడు 60 నుంచి 70 మంది దక్కుతున్నారు. పెద్ద కేంద్రాల్లో చాలామందికి కాలు కూడా నిలుస్తోంది. మర్దనలో పోయే నెలలు ఈ అంకెల్లోంచే పోతాయి.

ఇక దూరం లెక్క. పాములపాడు నుంచి కర్నూలు సుమారు 55 కిలోమీటర్లు, అక్కడి నుంచి హైదరాబాద్ ఇంకో 215. లుకేమియాలో గట్టి కీమో అయ్యాక దాదాపు రెండేళ్లు ఇంట్లోనే మాత్రలు వాడాలి. నెలకొకసారి చూపించుకున్నా 24 ప్రయాణాలు. హైదరాబాద్ అయితే రానూ పోనూ దాదాపు 13 వేల కిలోమీటర్లు, కర్నూలు అయితే 2,600 పైచిలుకు. అందుకే కర్నూలు వైద్య కళాశాల ఆవరణలో రూ.120 కోట్లతో తలపెట్టిన స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పాములపాడు లాంటి మండలాలకు అంత ముఖ్యం. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకం ఆసుపత్రి ఖర్చు మోసినా, దారిలో గడిచే పగళ్లూ రాత్రులూ కుటుంబానివే. రైల్లో చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో పూర్తి రాయితీ, తోడు వెళ్లేవారికి 75 శాతం ఉంది. ఆసుపత్రి ఇచ్చే పత్రం అడిగి తీసుకోవాలి.

లుకేమియాలో ఆ రెండేళ్ల మాత్రలు మానేయడమే కొంప ముంచుతుంది. జుట్టు మొలిచి, కాలేజీ మొదలయ్యాక మాత్ర గుర్తుండదు. నూటికి ఐదు మోతాదులకు మించి మానేసిన పిల్లల్లో జబ్బు తిరగబెట్టే ముప్పు రెండు రెట్లు దాటిందని అమెరికాలో లెక్క తేలింది. అంటే ఇరవై రోజుల్లో ఒకటికి మించి మానకూడదు. పదేళ్ల పిల్లకు అమ్మ నోట్లో వేస్తుంది. పద్దెనిమిదేళ్లవాడికి ఎవరు వేస్తారు? నెలకోసారి ఫోన్ చేసి అడిగే నర్సు ఉండటమే ఈ వయసుకు ప్రత్యేక వైద్యం.

ఇంకొకటి, మనవాళ్లు నోరు విప్పనిది. కొన్ని కీమో మందులతో పిల్లలు పుట్టే శక్తి పోవచ్చు. అబ్బాయిల వీర్యం మొదటి డోసుకు ముందే భద్రపరచవచ్చు, ఒకటి రెండు రోజుల పని. అమ్మాయిల అండాలకు దాదాపు రెండు వారాలు కావాలి, జబ్బు అంత గడువు ఇవ్వకపోవచ్చు. నాన్న పక్కనుంటే కుర్రాడు తలదించుకుంటాడు. డాక్టరు కాసేపు నాన్నను బయట కూర్చోమని, ఆ పిల్లాడితో విడిగా ఐదు నిమిషాలు మాట్లాడాలి. అదీ మొదటి సెలైన్ ఎక్కకముందే.