కావలి గ్రామముది, పెత్తన మెవరిది?

అడవిని కాపాడుటకు ప్రజల సహకారము కావలెనని నేడు చెప్పని అధికారి లేడు. సహకారమునుగూర్చి మాకును సందేహము లేదు. కాచిన అడవి ఫలమిచ్చునాడు లెక్క వ్రాయు కల మెవరిచేత నుండునన్నదే మా ప్రశ్న.

ఈ తగవు తెలుగువారికి పాతది. 1882 సంవత్సరపు మద్రాసు అటవీ చట్టముతో ఊరి చెంతనున్న అడవి రిజర్వు అయినది. పసుల మేపునకు పుల్లరి, హద్దు దాటిన పశువునకు బందెలదొడ్డి. 1921లో పల్నాటి గ్రామములవారు పుల్లరి చెల్లింపమని భీష్మించి, అటవీ సిబ్బందికి ఊళ్లలో ఏ సాయమును దొరకకుండ చేసిరి. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు నేలకొరిగెను. ఆ 1921లోనే కుమావూను కొండలలోను జనులు తిరుగబడిరి. అచ్చట పరాయి దొరతనమే ఒక మెట్టు దిగి 1931లో వనపంచాయతీల నిబంధనలను వెలువరించినది. పల్నాటికి ఆ భాగ్యము పట్టలేదు.

స్వరాజ్యము వచ్చిన నలుబదియేండ్లకు, 1988 జాతీయ అటవీ విధానముతో, పాలకుల మాట మారినది. 1992 మొదలు ఆంధ్రప్రదేశమున వనసంరక్షణ సమితులు వేలకొలది వెలసినవి. పల్లెలవారు వంతులువేసుకొని కావలి కాచిరి, మోడులు చిగిర్చినవి. ఆ మేలును మేము కాదనము. కాని ఆ సమితులు ఉత్తరువుచే పుట్టినవేగాని చట్టముచే పుట్టినవి కావు. పెక్కుచోట్ల నిధులున్నన్నినాళ్లు కూలి నడచినది. నిధులాగగానే సమితియు నిద్రించినది. కూలికి పిలిచినవానిని యజమానివలె కావలి కాయలేదని నిందించుట ఏమి న్యాయము?

2006 అటవీ హక్కుల చట్టము ఈ లోటును పూరించినది. సామూహిక వనరును కాపాడి, పెంచి, నిర్వహించు హక్కు గ్రామసభకు దఖలుపడినది. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా మేంఢా-లేఖా అను గోండు గ్రామము 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవిపై ఆ హక్కు పొందెను. అంతటితో తగవు తీరలేదు. వెదురు చిల్లర ఫలసాయమని చట్టము స్పష్టముగా చెప్పుచుండగా, అది కలపయని అటవీశాఖ వాదించి రవాణా పర్మిట్టు నిరాకరించెను. అడవి గ్రామముదేనట, అందలి వెదురుమాత్రము ఊరు దాటరాదట! 2011లో కేంద్రమంత్రి జైరాం రమేశ్ స్వయముగా ఆ గ్రామమునకు రాగా పర్మిట్టు పుస్తకము గ్రామసభ చేతికి వచ్చినది. పిదప వెదురమ్మిన సొమ్మును గ్రామసభయే లెక్క చూచుకొన్నది. అందరు నొప్పుకొనువరకు చర్చించి నిర్ణయించుట ఆ యూరి రివాజు; అది ఆలస్యపు పద్ధతియే, కాని తీర్మానించినపిదప తప్పుకొనువాడుండడు.

పల్లెకు పెత్తనమిచ్చిన అడవి మిగులదని కొందరి భయము. ఏటేట ఇప్పపువ్వు, తునికాకు ఏరుకొని బ్రదుకువాడు చెట్టు నిలువవలెనని కోరునా, కూలవలెనని కోరునా? దొంగకలపకు గొడ్డలి పట్టువారు గ్రామమునను ఉందురు, నిజమే. వారిని పట్టుటకు అటవీశాఖ యుండనే యున్నది. ఆ పనిలో గ్రామసభ దానికి తోడేయగును.

గడ్చిరోలి మన కెంతో దూరము కాదు. ప్రాణహిత కావలిగట్టున ఆ జిల్లా, ఈవలిగట్టున తెలంగాణము. మన ఆంధ్రదేశమున సామూహిక హక్కుపత్రములు కొన్ని గ్రామసభల పేర గాక వనసంరక్షణ సమితుల పేర వ్రాయబడినవి. చట్టము హక్కునిచ్చినది గ్రామసభకు. ఆ పత్రములను తిరిగి గ్రామసభల పేర వ్రాయింపవలెనని, వానితోపాటు పర్మిట్టు పుస్తకమును వారి చేతికే యీయవలెనని ఉభయ తెలుగు ప్రభుత్వములను మేము కోరుచున్నాము.