టన్నుకు బాడుగ యెంత?

బోధను శక్కర్‌నగర్‌న 1937లో స్థాపింపబడిన చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. చెఱకును దూరపు మిల్లులకు తోలు రైతులకు బాడుగ లెక్క మిక్కిలి ముఖ్యము.

ఒక ట్రాక్టరువాడు ఏడున్నర టన్నులకు రూ. 6,000, మఱియొకడు నాలుగున్నర టన్నులకు రూ. 3,780 అడిగిరనుకొందము. రెండవది చౌకయని తోచును. భిన్నముల లెక్క వేసి చూతము.

ఏడున్నర యనగా 15 అరలు. 6,000ను 15చే భాగింప అరటన్నుకు రూ. 400, ఇబ్బడింప టన్నుకు రూ. 800. నాలుగున్నర యనగా 9 అరలు. 3,780ను 9చే భాగింప రూ. 420, టన్నుకు రూ. 840.

ఇరువదిరెండున్నర టన్నుల పంటకు మొదటివాని మూడు తోలకములకు రూ. 18,000, రెండవవాని అయిదింటికి రూ. 18,900 అగును. రూ. 900 నష్టము!

కావున రైతు సోదరులారా, బేరమునకు ముందు టన్నువెల కట్టి చూడుడని మేము కోరుచున్నాము.