వార్తల్లో పదం: భద్రతా మండలి సంస్కరణ

ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో 15 దేశాలున్నాయి. అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్ శాశ్వత సభ్యులు. కీలక తీర్మానాన్ని వీటిలో ఏ ఒక్కటైనా వీటోతో ఆపేయగలదు. మిగతా పది దేశాలు రెండేళ్లకు ఎన్నికవుతాయి.

నల్గొండ, మహబూబ్‌నగర్ చరిత్రతోనూ ఈ మండలికి సంబంధం ఉంది. ఆ జిల్లాలు నిజాం ఏలుబడిలో ఉండగా, 1948 ఆగస్టులో హైదరాబాద్ సంస్థానం భారత్‌పై మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 16న పారిస్‌లో అది చర్చకు వచ్చేసరికి భారత సైన్యం సంస్థానంలోకి ప్రవేశించి నాలుగో రోజు. మర్నాడే నిజాం లొంగిపోయాడు, ఆపై ఫిర్యాదును వెనక్కి తీసుకున్నాడు. భూస్వాములైన దొరలతో, నిజాం పక్షపు సాయుధ దళమైన రజాకార్లతో పోరాడుతున్న నల్గొండ రైతులకు మాత్రం ఆ సభలో చోటు లేదు.

అప్పటి మండలిలో 11 దేశాలే. 1965లో నాలుగు తాత్కాలిక స్థానాలు పెరిగాయి. ఆ తర్వాత సంఖ్య మారలేదు. ఆసియా, ఆఫ్రికాల్లో పదుల కొద్దీ కొత్త దేశాలు పుట్టాక కూడా శాశ్వత స్థానాలు ఐదే ఉండటం అన్యాయం.

అయితే ఎవరిని చేర్చాలన్న దగ్గరే పేచీ. భారత్, జపాన్, జర్మనీ, బ్రెజిల్ 'జీ-4'గా శాశ్వత స్థానాలు కోరుతున్నాయి. పాకిస్థాన్, ఇటలీ, దక్షిణ కొరియా, అర్జెంటీనా వంటివి కొత్త శాశ్వత స్థానాలే వద్దంటున్నాయి. ఆఫ్రికా దేశాలు 2005 నుంచి వీటోతో కూడిన రెండు శాశ్వత స్థానాలు అడుగుతున్నాయి.

స్థానాలు పెంచేందుకు సమితి నియమావళిని సవరించాలంటే సభ్య దేశాల్లో మూడింట రెండు వంతులు ఆమోదించాలి. ఆమోదించిన వాటిలో ఐదు శాశ్వత సభ్య దేశాలూ ఉండి తీరాలి. ఈ సంస్కరణపై చర్చలు 2009 నుంచి సాగుతూనే ఉన్నాయి. ఎనిమిదిసార్లు తాత్కాలిక సభ్యత్వం పొందిన భారత్, చివరిగా 2021-22లో మండలిలో ఉంది.