గుర్రం నొప్పికి మందు కోతకు ముందే మొదలవ్వాలి

హైదరాబాద్‌లో రాయదుర్గం ఐటీ టవర్లు దాటి గండిపేట, మొయినాబాద్ వైపు వెళ్తే గుర్రపుస్వారీ నేర్పే స్కూళ్లు కనిపిస్తాయి. మలక్‌పేట రేస్‌కోర్సు, పోలీసు అశ్వదళం నగరానికి ఏనాటి నుంచో పరిచయం. స్వారీకి వాడే మగ గుర్రాల్లో చాలావాటికి చిన్న వయసులోనే వృషణాలు తీసేస్తారు. ఆడ గుర్రాల పక్కన అదుపు తప్పకుండా ఉండటానికి, కొత్తవాళ్లు ఎక్కినా మాట వినడానికి ఆ ఆపరేషన్ పనికొస్తుంది. దాన్ని ఎవరూ తప్పుపట్టడం లేదు. ఆలోచించాల్సింది ఆ తర్వాతి వారం గురించి. నొప్పి తగ్గించే మందును దయతో ఇచ్చే అదనపు సాయంగా చూడటం పొరపాటు. గాయం సవ్యంగా మానడానికి జరిగే చికిత్సలో అదీ ఒక భాగం.

ఎందుకంటే ఈ ఆపరేషన్‌లో చాలాసార్లు కోతకు కుట్లు వేయరు. లోపల ఊరే ద్రవం కిందికి కారిపోవాలని గాయాన్ని తెరిచే ఉంచుతారు. వాపు సాధారణంగా మూడు నుంచి ఐదో రోజు మధ్య బాగా పెరుగుతుంది. వృషణాల సంచికే కాక, లింగాన్ని కప్పే తొడుగుకూ పాకుతుంది. మొదటి రోజు రక్తం గడ్డకట్టడానికి విశ్రాంతి ఇచ్చి, మర్నాటి నుంచి రోజూ నడిపించడమే ఈ వాపుకు అసలు మందు. కానీ నొప్పితో ఉన్న గుర్రం అడుగు వేయదు. అడుగు వేయకపోతే ద్రవం దిగదు, గాయం అంచులు ముందే మూసుకుంటాయి, లోపల నిలిచిన ద్రవంలో చీము పడుతుంది. నొప్పి తగ్గితేనే నడక, నడిస్తేనే వాపు తగ్గడం.

'మా గుర్రం బాగానే ఉంది, దాణా తింటోంది, ఇంకా మందెందుకు?' అని యజమానులు అడుగుతారు. క్రూరమృగాలకు ఆహారమయ్యే జంతువు కనుక గుర్రం తన బలహీనతను బయటపెట్టదు. 2014లో వెలువడిన ఒక పరిశోధనలో, ఈ ఆపరేషన్ జరిగిన 40 గుర్రాల ముఖాలను గమనించారు. చెవులు బిగుసుకుని వెనక్కి వాలడం, కళ్లు కాస్త మూసుకోవడం, కంటి పైభాగం బిగియడం, దవడ కండరాలు ఉబ్బడం, నోరు బిగబట్టడంతో గడ్డం పొడుచుకురావడం, ముక్కుపుటాలు బిగుసుకోవడం అనే ఆరు గుర్తులతో నొప్పిని కొలిచారు. ఫ్లూనిక్సిన్ అనే నొప్పి మందు ముందే ఇచ్చినా, ఎనిమిది గంటల తర్వాత ఆ గుర్తులు స్పష్టంగా కనిపించాయి. ఒక్క ఇంజెక్షన్‌తో పని అయిపోయిందనుకునే అలవాటుకు ఇది గట్టి సమాధానం. మత్తుతో పాటు వృషణంలోకి లిగ్నోకైన్ అనే తిమ్మిరి మందు ఎక్కించి కోత నొప్పిని ఆపాలి. వాపును అణచే మందును కోతకు ముందే మొదలుపెట్టి, డాక్టరు చెప్పినన్ని రోజులు కొనసాగించాలి.

వాపును అణచే ఈ మందులు కడుపులో పుండ్లు పుట్టిస్తాయని, కిడ్నీలను దెబ్బతీస్తాయని భయపడేవాళ్లూ ఉన్నారు. అది నిజమైన భయమే. మోతాదు మించినా, నీళ్లు సరిగా తాగని గుర్రానికి ఇచ్చినా, ఫినైల్‌బ్యూటజోన్, ఫ్లూనిక్సిన్ లాంటివి రెండు కలిపి ఇచ్చినా ప్రమాదమే. అలాగని మందే మానేస్తే ప్రమాదం తప్పదు. బరువు తూచి మోతాదు లెక్కగట్టడం, తొట్టిలో నీళ్లు తగ్గుతున్నాయా అని చూడటం, ఒకే మందుకు కట్టుబడటం అసలైన జాగ్రత్తలు. మెడికల్ షాపులో దొరికే మనుషుల మాత్రలు అసలే వద్దు. వాటిలో ఉండే డైక్లోఫెనాక్, పశువులకు వాడితే కళేబరాల ద్వారా రాబందుల ప్రాణాలు తీసిందని తేలాక, 2006లో దేశంలో పశువైద్యానికి దాన్ని నిషేధించారు. నొప్పి తగ్గితే గుర్రం ఎగిరి దూకి గాయం చీల్చుకుంటుందన్న అనుమానానికి జవాబు కళ్లెం పట్టి నడిపించే సైసు చేతిలో ఉంది. గుర్రాన్ని నిలువరించే పని నొప్పికి అప్పగించడం న్యాయం కాదు.

నొప్పి మందు వేశామని కాపలా మానకూడదు. కాసేపు చుక్కలుగా రక్తం కారడం మామూలే. ధారగా కారుతూ పావుగంటకీ ఆగకపోతే, గాయంలోంచి పేగు లాంటిది వేలాడితే, 38.5 డిగ్రీల సెల్సియస్ దాటి జ్వరం వస్తే, గుర్రం మేత మానేస్తే వెంటనే డాక్టరును పిలవాలి. ధనుర్వాతం టీకా ముందే వేయించాలి. ఆపరేషన్‌కు ఎంతవుతుందని అడిగే యజమాని, ఏ మందు ఎన్ని రోజులు ఇవ్వాలి, రోజూ ఎంతసేపు నడిపించాలి అని కూడా అడిగి రాయించుకోవాలి. ఆ రెండింటికీ జవాబు దొరికాకే కోతకు ఒప్పుకోవాలి.