వ్రేలి కదలికకు హక్కుదారు డెవడు?

కొన్ని సంవత్సరముల క్రిందటి స్మార్టుఫోనులలో, తెరపై గనబడు చిన్న బొమ్మను వ్రేలితో నొక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు జరిపినచో, తాళము తీసినట్లు ఫోను తెఱచుకొనెడిది. ఇంతమాత్రపు కదలికకై రెండు మహాసంస్థలు ఏండ్ల తరబడి న్యాయస్థానములలో బోరాడెనని మేము తరగతిలో జెప్పగా విద్యార్థులు నవ్విరి. "వ్రేలు కదల్చుటకు గూడ నొకరి యనుమతి కావలెనా?" అని యొక బాలు డడిగెను. ప్రశ్న చిన్నదే గాని సమాధానము చిన్నది కాదు.

పేటెంటనగా ప్రభుత్వమునకును, క్రొత్తదానిని కనిపెట్టినవానికిని నడుమ నొక యొడంబడిక వంటిది. కనిపెట్టినవాడు దాని మర్మమును దాచక లోకమునకు వెల్లడింపవలెను. అందులకు బ్రతిఫలముగా, దరఖాస్తు చేసిన నాటినుండి సాధారణముగా 20 సంవత్సరములవఱకు, తన యనుమతి లేక యితరులు దానిని వాడకుండ నడ్డగించు హక్కు వానికి లభించును. గడువు తీరినపిమ్మట నది యెల్లరి సొత్తు. అయితే ఆ కల్పన నిజముగా గ్రొత్తది కావలెను. ఆ విద్యలో నారితేఱినవానికి దనంతట దోచునది కారాదు.

యంత్రభాగమును చేతబట్టి చూపవచ్చును. సాఫ్టువేరన్ననో కంప్యూటరున కిచ్చు ఆదేశముల వరుస. అందు యుక్తి యెచ్చట ముగియునో, సామాన్యజ్ఞాన మెచ్చట మొదలగునో తేల్చుట కష్టము. వివాదమున కిదియే మూలము.

ఆపిల్ సంస్థ 2007లో ఐఫోనును వెలువరించెను. తన ఫోనుల రూపమును, కొన్ని పనితీరులను శామ్సంగు సంస్థ యనుకరించెనని 2011 ఏప్రిలులో కాలిఫోర్నియాలో వ్యాజ్యెము వేసెను. శామ్సంగు అప్పటికే ఆపిల్‌నకు చిప్పుల నమ్ముచుండెను, వర్తకులైనవారే ప్రతివాదులైరి. శామ్సంగును దన పేటెంటులను జూపి యెదురు వ్యాజ్యెము వేసెను. 2012 ఆగస్టులో జ్యూరీ ఆపిల్‌నకు సుమారు 105 కోట్ల డాలరులు నష్టపరిహార మిప్పించెను. పిమ్మట నా మొత్తము పునర్విచారణలలో దగ్గెను.

తాళము తీయు కదలిక 2012లో వేసిన రెండవ వ్యాజ్యెములోనిది. 2014లో జ్యూరీ ఆపిల్‌నకు సుమారు 12 కోట్ల డాలరులును, శామ్సంగునకు 1,58,400 డాలరులును ఇప్పించెను. 2016 ఫిబ్రవరిలో ముగ్గురు న్యాయాధిపతులు దానిని కొట్టివేసిరి. స్వీడను దేశపు నియోనోడ్ ఫోనులోను, 1992 నాటి యొక పరిశోధనలోను ఇట్టి జరుపుడు కలదు గావున, ఆపిల్ పద్ధతి యెవనికైన దోచునదే యని వారి నిర్ణయము. అదే సంవత్సరము అక్టోబరులో ఆ న్యాయస్థానపు పూర్ణపీఠము, ముగ్గురు విభేదించినను, ఎనమండుగురి మతముచే జ్యూరీ తీర్పును మరల నిలిపెను. జర్మనీ దేశపు సర్వోన్నత న్యాయస్థానమో, 2015లోనే ఆ పేటెంటు చెల్లదనెను. చదువుకొన్న న్యాయాధిపతులే యిట్లు భిన్నముగా దలచిరి. తుదకు 2018 జూనులో ఆ రెండు సంస్థలును రాజీపడెను. షరతులు వెల్లడి కాలేదు.

మన దేశమున 1970వ సంవత్సరపు పేటెంటు చట్టము, కేవలము కంప్యూటరు ప్రోగ్రాము మాత్రమే యైనదానిని పేటెంటునకు దగిన కల్పనగా నంగీకరింపదు.

ఇక బాలుని ప్రశ్నకు వత్తము. వ్రేలికి గాని, దాని కదలికకు గాని యెవడును హక్కుదారుడు కాడు. బొమ్మను జరిపి ఫోనును దెఱచు నొకానొక పద్ధతికే, గడువు గల హక్కు. పొరుగువాని పలకలోని లెక్క చూచి వ్రాయుట తప్పని మేము దండింతుము. భాగహారము చేయు పద్ధతిని మాత్ర మందఱికి నేర్పుదుము. ఆ హక్కు మిక్కిలి యిఱుకైనచో శ్రమపడినవాడు నష్టపోవును; మిక్కిలి విరివియైనచో న్యాయవాదుల రుసుము లిచ్చుకొనలేని క్రొత్తవాడు గడప దాటజాలడు. మహాసంస్థలు ఏడేండ్లు పోరాడి నిలువగలవు. రేపు ప్రోగ్రాములు వ్రాయబూను మా విద్యార్థి నిలువగలడా? గీత యెచ్చట గీయవలెనో న్యాయాధిపతులు తలచునపుడు వానిని గూడ దలచవలెనని మా మనవి.