టాపు తీస్తే బరువెక్కే కారు

కారు పైకప్పు ఎండావానలకు గొడుగు మాత్రమే కాదు, బాడీ బిగువంతా చాలావరకు దానిమీదే ఆధారపడి ఉంటుంది. అగ్గిపెట్టె లోపలి అరను రెండు చేతులతో మెలిపెడితే ఇట్టే వంకరపోతుంది. తొడుగులోకి తోశాక అంత తేలిగ్గా లొంగదు. టాపు లేని కారుది ఆ అర పరిస్థితే. గతుకుల్లో బాడీ మెలితిరుగుతుంది, ముందు అద్దం ఫ్రేము అదురుతుంది. అందుకే తలుపుల కిందిభాగాన్ని దిట్టం చేసి, అడుగున అడ్డకమ్మీలు బిగిస్తారు. ఇవన్నీ బరువే.

ఇంగ్లండ్‌లోని క్రూలో తయారయ్యే బెంట్లీ కాంటినెంటల్ చూస్తే సంగతి తెలుస్తుంది. 2018 చివర్లో ప్రకటించిన మూడో తరం కన్వర్టిబుల్ బరువు 2,414 కిలోలు. టాపున్న కూపే 2,244 కిలోలే. టాపు తీసేసినందుకు ఇద్దరు మనుషుల బరువు అదనంగా పడిందన్నమాట.

దీన్నంతా లాగేది 6 లీటర్ల డబ్ల్యూ12 ఇంజను. పన్నెండు సిలిండర్లను బారుగా పేరిస్తే బానెట్ చాలదు. అందుకని ఆరేసి సిలిండర్లను ఇరుకుగా, ఎడాపెడా సర్దిన రెండు దిమ్మెలను 72 డిగ్రీల కోణంలో జతచేశారు. రెండు టర్బోలు తోడై 635 హార్స్‌పవర్, 900 న్యూటన్ మీటర్ల టార్క్ వస్తాయి. ఆ టార్క్ నిమిషానికి 1,350 చుట్ల దగ్గరే అందుతుంది కాబట్టి ఇంజను గగ్గోలు పెట్టాల్సిన పని లేదు. 100 కిలోమీటర్ల వేగానికి 3.8 సెకన్లు చాలు. కూపేకన్నా ఆలస్యం సెకనులో పదోవంతే! గరిష్ఠ వేగం 333 కిలోమీటర్లు.

ఇంత బరువు మలుపులో ఒక పక్కకు ఒరగకుండా చూడటమే అసలు కష్టం. ఎడమ, కుడి చక్రాలను కలిపే యాంటీ రోల్ బార్లలో అమర్చిన 48 వోల్టుల మోటార్లు 0.3 సెకన్లలో 1,300 న్యూటన్ మీటర్ల బలంతో బాడీని నిలబెడతాయి. దారి తిన్నగా ఉన్నప్పుడు పట్టు వదిలేస్తాయి, అప్పుడు ఒక చక్రం గతుకులో పడ్డా రెండోదానికి కుదుపు తగలదు.

బట్ట టాపు 19 సెకన్లలో మడుచుకుంటుంది. కారు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నా ఫరవాలేదు. టాపు తెరిచినప్పుడు చలిగాలికి మెడ పట్టేయకుండా సీట్లలోంచి వెచ్చని గాలి ఊదే ఏర్పాటు ఉంది. చలిదేశపు తయారీదారుకే తట్టే సౌకర్యమిది.

డబ్ల్యూ12 తయారీ 2024లో ఆగిపోయింది. దాని స్థానంలో ఎలక్ట్రిక్ మోటారుతో జోడించిన 4 లీటర్ల వీ8 వచ్చి, శక్తి 782 హార్స్‌పవర్‌కు చేరింది. బ్యాటరీ కూడా ఎక్కడంతో కన్వర్టిబుల్ రెండున్నర టన్నులు దాటింది.